ఇసుక బదులు నుసి

గోదావరిలో ఇసుక తవ్వి లారీలకెత్తే ర్యాంపులు మూతపడిన ఆ ఏడు మా వీధిలో ముందుగా ఆగిపోయింది కాంక్రీటు కలిపే మిక్సరు చప్పుడు. మాది తాడేపల్లిగూడెం శివారు. వీధిలో సగం ఇళ్లు తాపీపని వాళ్లవి. మిగతావి మాలాగా బడుల్లోనో ఆఫీసుల్లోనో పనిచేసేవాళ్లవి. పొద్దున్నే మోటారు సైకిళ్ల మీద తట్టా పారా కట్టుకుని వెళ్లిపోయే మగవాళ్లు, క్యారేజీలు పట్టుకుని వాళ్ల వెనకే బయల్దేరే ఆడవాళ్లు, ఆ రోజుల్లో ఎండ ఎక్కేదాకా అరుగుల మీదే కూర్చుని కనిపించేవారు. ఎవరి ఫోను మోగినా అందరూ అటు చూసేవారు.

మా ఇంటి పై అంతస్తు కూడా పిల్లర్ల దగ్గరే ఆగిపోయింది. వానకి తడిసి చువ్వలు తుప్పు పట్టి, ఆ తుప్పు నీళ్లు గోడ మీద ఎర్రటి చారలుగా కారాయి. ఆ పని ఒప్పుకున్నది పక్కింటి మేస్త్రీగారే. ఆయన నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. చిన్నప్పటి నుంచీ ఒకే చర్చికి వెళ్లేవాళ్లం కాబట్టి అన్నయ్యగారూ అని పిలవడం అలవాటైపోయింది. ఆయన భార్య మా వీధికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ నాకు వదినగారు. ఆయన గోడ కడుతుంటే వదినగారు సిమెంటు మాలు తట్టలకెత్తి అందించేవారు. ఇద్దరూ ఏళ్ల తరబడి అలాగే కలిసి పనికి వెళ్లి, కలిసి వచ్చేవారు. వదినగారిది మంచి గొంతు. ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు పాట ఎత్తుకునేది ఆవిడే. ఆవిడ ఎత్తుకున్నాకే మిగతావాళ్లం అందుకునేవాళ్లం.

మా వీధి వెనక ఒక ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. వడ్లు ఉడకబెట్టే బాయిలరులో ఊక కాలుస్తారు. కాలగా మిగిలిన నల్లటి నుసిని మిల్లు వెనక ఖాళీ జాగాలో పోస్తారు. పోసి పోసి అది ప్రహరీ కంటే ఎత్తున గుట్టయింది. వేసవిలో పడమటి గాలి తిరిగిందంటే ఆ గుట్టలో కొంత మా ఇళ్లలోకి వచ్చేది. ఆరబెట్టిన బట్టల మీద, పొయ్యి మీది పాల మీద, మంచం మీద దుప్పటి ముడతల్లో. మా అమ్మ మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరై నా దగ్గరే ఉంటోంది. తెల్ల చీరలు తప్ప కట్టదు. దండెం మీద చీర తీసి దులిపినప్పుడల్లా మిల్లు వైపు తిరిగి ఏదో ఒకటి అనేది. మిల్లు యజమాని చిన్నప్పుడు అమ్మ దగ్గర చదువుకున్నవాడే. అమ్మ రెండు మూడుసార్లు వెళ్లి అడిగింది కూడా. వెళ్లిన ప్రతిసారీ కుర్చీ వేసి, కూల్ డ్రింకు తెప్పించి, "చేయిస్తానండి టీచరు గారూ" అనేవాడు. నుసి మాత్రం అక్కడే ఉండేది.

నేను దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ విభాగంలో కాంక్రీటు పాఠం చెబుతాను. ఇసుక లేక ఊళ్లో పనులన్నీ ఆగిపోయినప్పుడు మా స్టాఫ్ రూములోనూ అదే మాట. ఇసుకకి బదులు ఏం వాడొచ్చు? కొందరు పిల్లలు క్రషర్ల దగ్గర మిగిలే రాతి పొడి తెచ్చారు. ఇంకొందరు పగిలిన పెంకులు దంచారు. నా దగ్గరికొచ్చిన ఆఖరి సంవత్సరం ఆడపిల్లలకి ఏం చెప్పాలో నాకూ తోచలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి డాబా ఊడుస్తుంటే చేటలోకి నుసి వచ్చింది. వేళ్ల మధ్య నలిపి చూశాను. కొంత పిండిలా పోయింది, కొంత గరగరలాడింది. ఆ గరగర నన్ను ఆపేసింది.

"అమ్మా, దీన్ని వాడి చూస్తేనో?" అన్నాను.

అమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఎంత వాడతారు? గుట్టంతా వాడతారా?" అంది. ఆమెకి కావాల్సింది కాంక్రీటు కాదు, గుట్ట కరగడం.

మొదటి విడత ఘోరంగా పోయింది. ఉత్సాహం కొద్దీ ఇసుకలో సగం తీసేసి నుసి కలిపాం. నుసికి దాహం ఎక్కువ. కలిపిన నీళ్లన్నీ తాగేసి ముద్ద పిడచకట్టుకుపోయింది. ఇంకా నీళ్లు పోశాం. అచ్చుల్లోంచి తీసి, తొట్లో నానబెట్టి, గడువయ్యాక యంత్రంలో పెట్టి నొక్కితే ఆ దిమ్మలు పగిలిన చప్పుడు కూడా చేయలేదు. అట్టపెట్టె నలిగినట్టు నలిగిపోయాయి. పిల్లల్లో ఒకమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. తర్వాత నుసిని ముందు రోజే తడిపి పెట్టాం. కాలని ఊకని జల్లెడ పట్టి తీసేశాం. ఇసుకలో కొద్ది వంతు మాత్రమే తీసి ఆ చోట నుసి వేశాం. ఈసారి దిమ్మ గట్టిగా నిలిచింది. చివరికి పగిలినప్పుడు గది మారుమోగేలా ఠప్పుమంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకూ కొట్టాలనిపించింది.

అయినా స్లాబులకీ పిల్లర్లకీ దీన్ని వాడమని నేనెప్పుడూ చెప్పలేదు. గోడల్లో పెట్టే దిమ్మలకి మాత్రమే పనికొస్తుందని చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను. ఆ నుసిలో కంటికి కనపడనంత సన్నటి పొడి ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు, అందుకని ఎప్పుడూ తడిపే ముట్టుకోవాలి. మా ల్యాబులో అలాగే చేశాం. పిల్లలు ముక్కులకి మాస్కులు కట్టుకుని, మగ్గుతో నీళ్లు చల్లుతూ పనిచేశారు.

అన్నయ్యగారు ఒకరోజు కాలేజీకి వచ్చి ఆ దిమ్మల్ని చేత్తో తట్టి, గోరుతో గీకి, ఒకదాన్ని మోకాలెత్తు నుంచి నేల మీదికి వదిలి చూశారు.

"మన ప్రహరీ పడమటి వైపు కడదామా చెల్లెమ్మగారూ దీంతో?" అన్నారు. "ఊరికే కూర్చుని చేతులు మొద్దుబారిపోతన్నాయి."

అలా మా ప్రహరీ గోడే మొదటి గోడ అయింది. అన్నయ్యగారు, వదినగారు కలిసి మా పెరట్లోనే దిమ్మలు పోశారు. ఎదురింటి పెద్దాయన రోజూ వచ్చి నిలబడి, "బూడిదతో గోడేంటండీ, నిలబడుద్దా?" అనేవారు. వదినగారు పని ఆపకుండానే, "మనం నిలబడ్డం లేదేంటండీ బాబాయ్ గారూ, మట్టితో చేసినోళ్లం" అన్నారు. అమ్మ పడిపడి నవ్వింది. ఆ గోడ కట్టినన్నాళ్లూ మా ఇంట్లో ఏదో పెళ్లిపని జరుగుతున్నట్టు ఉండేది. అమ్మ టీ పెట్టి తెచ్చేది. వదినగారు పాడుకుంటూ తట్టలు అందించేవారు.

గోడ చూసిన మిల్లు యజమాని ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. తన వెనక జాగాలోనే దిమ్మలు పోయించే యూనిట్ పెడతానన్నాడు. పాళ్లు చెప్పమన్నాడు. అమ్మ నా కంటే ముందే, "పెట్టు నాయనా, నీకు పుణ్యం ఉంటుంది" అంది. నేను పాళ్లతో పాటు నీళ్ల సంగతీ చెప్పాను. "అలాగేనండి మేడమ్ గారూ, మీరు ఎలా చెబితే అలాగే" అన్నాడు. చెప్పినట్టే మొదట్లో చేశాడు కూడా. నుసి పక్కనే కొత్తగా పంపు కుళాయి వేయించాడు. అన్నయ్యగారిని పనుల మీద పెద్దగా పెట్టుకున్నాడు. మా వీధి ఆడవాళ్లు చాలామంది అక్కడే పనికి కుదిరారు. వదినగారు కూడా.

ఆ కాలం గురించి ఇప్పుడు తల్చుకున్నా మంచిగానే అనిపిస్తుంది. దిమ్మలు లారీలకెత్తి కైకలూరు, ఉండి ఊళ్ల వైపు చెరువుల మీదికి పంపేవారు. చేపల మేత పెట్టుకునే గోడౌన్లకి, మోటారు షెడ్లకి అవి బాగా పోయాయి. వీధిలో మగవాళ్ల మొహాల్లోకి రంగు వచ్చింది. నుసి గుట్ట తరుగుతూ వచ్చి, ఒకనాడు డాబా మీంచి చూస్తే దాని వెనకున్న కాలువ గట్టు, గట్టు మీద తాడిచెట్లు కనిపించాయి. నేను ఆ ఇంట్లో ఉంటున్నప్పటి నుంచీ అటువైపు అంత దూరం చూడటం అదే మొదలు. అమ్మ కుర్చీ తెప్పించుకుని సాయంత్రాలు అక్కడే కూర్చునేది.

దగ్గు సంగతి ముందు చెప్పింది అమ్మే.

"ఆ పిల్ల దగ్గు విన్నావా?" అంది ఒక పొద్దున. ఆ పిల్ల అంటే వదినగారు. రెండిళ్ల మధ్య సన్నటి సందే. అటు గిన్నె పడితే ఇటు తెలుస్తుంది.

"మంచు పడుతోంది కదమ్మా. వీధంతా దగ్గుతోంది."

"నేను ముప్పయ్యేళ్లు పిల్లల మధ్య గడిపాను. జలుబు దగ్గు నాకు తెలీదా? ఇది పొడిది. లేవగానే మొదలై, స్నానం చేసేదాకా ఆగట్లేదు."

ఆ వారంలోనే కాలేజీ నుంచి త్వరగా బయల్దేరి యూనిట్ దగ్గరికి వెళ్లాను. గేటు దాటగానే నోట్లో గరుకు తగిలింది. జల్లెడలు రెండు ఏటవాలుగా నిలబెట్టి ఉన్నాయి. ఆడవాళ్లు పొడి నుసిని పారలతో ఎత్తి జల్లెడ మీదికి విసురుతున్నారు. విసిరిన ప్రతిసారీ నల్లటి పొగలాంటిది లేచి, వాళ్ల తలల మీదుగా పోయి, కుళాయి ఉన్న వైపు వాలుతోంది. కుళాయి కింద మట్టి ఎండి బీటలిచ్చి ఉంది. వదినగారు మొదటి జల్లెడ దగ్గర ఉన్నారు. చీర కొంగు ముక్కు మీదుగా చుట్టి వెనక ముడేసుకున్నారు. కనురెప్పల వెంట్రుకలు బూడిద రంగులో ఉన్నాయి.

యజమాని లోపల్నుంచి వచ్చి నన్ను నీడలోకి తీసుకెళ్లాడు.

"తడిపితే జల్లెడ పూడుకుపోతోందండి మేడమ్ గారూ. గంటలో అయ్యేది పూటంతా పడతంది. అటు చెరువుల వాళ్లు లారీ పెట్టుకుని కూర్చుంటన్నారు. అప్పటికీ మాస్కులు తెప్పించానండి, చూడండి." నిజంగానే అట్టపెట్టె ఉంది, తెరిచి ఉంది. "వాళ్లే పెట్టుకోరండి. ఊపిరాడట్లేదంటారు."

"తడపకుండా చేయకూడదని మొదటి రోజే అనుకున్నాం కదండీ."

"అనుకున్నామండి. రేపట్నించి చూద్దామండి." ఆ మాట ఎంత మర్యాదగా అన్నాడంటే నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకలేదు.

ఆ సాయంత్రం వదినగారు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మీరొచ్చి అలా అడిగారంట, జల్లెడ పని ఆపేయమని."

"ఆపేయమనలేదండి వదినగారూ. తడిపి చేయమన్నాను. మీరు దగ్గుతున్నారు కదండీ."

"రేపు నన్ను జల్లెడ కాడ్నించి తీసేత్తే అచ్చుల కాడ పెడతాడేంటండీ? ఇంటికి పొమ్మంటాడు. ఇన్నేళ్లూ సిమెంటు కట్టలు విప్పి కలిపేదాన్ని. అప్పుడూ దగ్గేదాన్ని. అప్పుడు మీరేం అడగలేదే."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట అన్నట్టు అన్నారు. నేను ఏదో సర్దిచెప్పబోయేలోపే వెళ్లిపోయారు. తర్వాత కొన్నాళ్లు సందులో ఎదురుపడినా తల వంచుకుని వెళ్లిపోయేవారు. మిగతా ఆడవాళ్లు కూడా నన్ను చూస్తే మాట ఆపేసేవారు. వీధిలో అందరికీ అన్నం పెడుతున్న పనికి నేను అడ్డం వెళ్తున్నానని వాళ్ల భయం. ఆ భయం తప్పని నేనెలా అనగలను? ఇసుక ఇంకా సరిగ్గా రావట్లేదు. ఆ యూనిట్ తప్ప ఇంకో పని లేదు.

యజమాని రెండు రోజులు నీళ్లు చల్లించాడు. మూడో రోజు నుంచి మళ్లీ పొడే.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం అది. చర్చి నిండా జనం, రంగు కాగితాలు. పాస్టరుగారు పాట పేరు చెప్పగానే అలవాటు ప్రకారం అందరం వదినగారి వైపు చూశాం. ఆవిడ లేచి ఎత్తుకున్నారు. మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణంలో ఒక మాట దగ్గర ఊపిరి అందలేదు. ఆగి, గుటక వేసి, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టారు. మళ్లీ ఆగిపోయారు. తబలా ఆయన ఆవిడ కోసం అదే దరువు వాయిస్తూ ఉండిపోయాడు. ఎవరూ అందుకోలేదు, ఆవిడ పూర్తిచేస్తారని. ఆవిడ చేత్తో వద్దన్నట్టు సైగ చేసి కూర్చుండిపోయారు. మగవాళ్ల వైపు నుంచి అన్నయ్యగారు సగం లేచి, లేచిందెందుకో తెలియక నిలబడే ఉండిపోయారు. మా అమ్మ వణుకుతున్న గొంతుతో ఆ చరణం అందుకుంది. మేం కలిపాం. పాట అయితే అయింది గానీ, ఆ రోజు ఎవరూ ఆవిడ మొహంలోకి చూడలేకపోయారు.

మర్నాడు వదినగారిని తీసుకుని అన్నయ్యగారూ నేనూ ఏలూరు వెళ్లాం. ఎక్స్‌రే తీశారు. డాక్టరు వయసులో చిన్నవాడు, మెత్తగా మాట్లాడాడు. ఏం పని చేస్తారమ్మా అని అడిగి, చెప్పింది మొత్తం విన్నాడు. ఫిల్ము వెలుగు మీద పెట్టి, ఊపిరితిత్తుల మీద చుక్కలు చుక్కలుగా ఉన్న చోటు చూపించాడు.

"ఇది దుమ్మమ్మా. కొంత పాతది, సిమెంటు పనిలోది. ఈ నుసి వచ్చి దాన్ని పెంచింది. దగ్గు తగ్గడానికి మందులిస్తాను. లోపలికి పోయినదాన్ని మాత్రం తీయలేం. ఇంక పోకుండా చూసుకోవాలి. ఆ పనికి మళ్లీ వెళ్లొద్దు."

"బరువులు మొయ్యొచ్చాండీ?" అని అడిగారు వదినగారు.

"వద్దమ్మా."

"పాడొచ్చాండీ?"

డాక్టరు ఆ ప్రశ్నకి సిద్ధంగా లేడు. "ఆయాసం రానంతవరకు పాడుకోండి" అన్నాడు.

తిరుగు బస్సులో వదినగారు కిటికీ పక్కన నిద్రపోయారు. అన్నయ్యగారు ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నారు. "నేనే రమ్మన్నాను చెల్లెమ్మగారూ ఆ పనికి. ఇద్దరం ఒక చోట ఉండొచ్చు కదా అని," అన్నారు. నేను నాలో తిరుగుతున్నదాన్ని ఆయనకి చెప్పలేకపోయాను. నేను చెప్పిన పాళ్లు అక్కడ రోజూ చక్కగా కుదురుతున్నాయి. దిమ్మ గట్టిగా ఉంది. దిమ్మని పరీక్షించడానికి మా దగ్గర యంత్రం ఉంది. దాన్ని చేసే మనిషి ఎంత తట్టుకుంటుందో చూడటానికి ఏ యంత్రమూ లేదు. చూడాలని ఎవరూ అడగరు కూడా.

ఇంటికి వచ్చి అమ్మకి అంతా చెప్పాను. అమ్మ డాబా మీద కుర్చీని కిందికి దింపించమంది, అంతే.

మర్నాడు నేను క్లాసులో ఉండగా అన్నయ్యగారి దగ్గర్నుంచి ఫోను. "చెల్లెమ్మగారూ, టీచరమ్మగారు వచ్చి జల్లెడ కాడ కూర్చున్నారండి. రమ్మంటే రావట్లేదు."

నేను వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. జల్లెడకి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో, గొడుగు ఒళ్లో పెట్టుకుని అమ్మ కూర్చుని ఉంది. ఆమె చీర అప్పటికే ఊరపిచ్చుక రంగుకి తిరిగింది. ఆడవాళ్లు పారలు నేల మీద ఆనించి, పని చేయాలో మానాలో తెలియక నిలబడ్డారు. యజమాని ఆమె ముందు చేతులు కట్టుకుని ఉన్నాడు.

"మీకు పడదు టీచరు గారూ. లోపలికి రండి, ఆఫీసులో కూర్చుందురు గాని."

"నాకు పడనిది వీళ్లకి ఎలా పడుతుంది నాయనా?"

"రేపట్నించి నీళ్లు చల్లిస్తానండి."

"చల్లించు. అందాకా నేనిక్కడే ఉంటాను. నన్ను చూసి పని ఆపకండమ్మా, కానివ్వండి." తర్వాత యజమానికి తన పక్కనున్న జాగా చూపించి, "నువ్వూ ఒక కుర్చీ వేయించుకో. కాసేపు ఇద్దరం కూర్చుందాం" అంది.

అతను మొదట నవ్వాడు. అమ్మ నవ్వలేదు. చివరికి కుర్చీ తెప్పించుకుని పక్కన కూర్చున్నాడు. పని మళ్లీ మొదలైంది. ఆడవాళ్లు మొహమాటంగా, కొంచెం కొంచెంగా విసిరారు. అయినా గాలి అటే ఉంది. అతను మొదట రుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. దగ్గాడు. అమ్మ కూడా దగ్గింది. నేను వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. నాకు భయం వేసింది, డెబ్బయి దాటిన మనిషి. ఎంతసేపు అలా గడిచిందో గానీ, అతనే ముందు లేచాడు.

"ఆపేయండమ్మా," అన్నాడు ఆడవాళ్లతో. తర్వాత అమ్మ వైపు చూడకుండా, "రండి టీచరు గారూ, ఇంటి దగ్గర దింపుతాను" అన్నాడు.

అతను చెడ్డవాడు కాడు. అంతకు ముందు ఎప్పుడూ జల్లెడ పక్కన పది నిమిషాలు నిలబడలేదు, అంతే. యూనిట్ కొన్నాళ్లు ఆగింది. ఆగినన్నాళ్లూ వీధి ఆడవాళ్లు మా అమ్మని చూసి మొహం తిప్పుకున్నారు. ఒకావిడ మా ఇంటి ముందు నిలబడి, "కడుపు నిండినోళ్లకి ఊపిరి గురించి బెంగ" అని గట్టిగానే అంది. అమ్మ విని తలుపు వేసుకుంది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత యజమాని బాయిలరు దగ్గరే పెద్ద గుంత తవ్వించి, నుసి వచ్చింది వచ్చినట్టు నీళ్లలో పడేలా చేయించాడు. చేతి జల్లెడలు తీసేసి, మూతపెట్టి మోటారుతో తిప్పే గుండ్రటి జల్లెడ తెప్పించాడు. పని నెమ్మదించింది. కొందరు ఆడవాళ్లని మానిపించాడు కూడా. అది అమ్మకి తెలుసు. దాని గురించి ఎవరితోనూ మాట్లాడేది కాదు.

వదినగారిని అతను గేటు దగ్గర కూర్చుని లారీలు చూసే పనిలో పెట్టాడు. అడిగి పెట్టించింది అన్నయ్యగారు. అది ఎంతో కాలం నిలవలేదు. ఇసుక మళ్లీ రావడం మొదలైంది. ర్యాంపుల నుంచి లారీలు మా వీధి మీదుగానే తిరగసాగాయి. మేస్త్రీలు తమ పాత పనుల్లోకి వెళ్లిపోయారు. చేతికి ఇసుక అందుతుంటే నుసి దిమ్మ ఎవరికి కావాలి? యూనిట్ వారంలో రెండు మూడు రోజులే నడిచి, తర్వాత అడపాదడపా నడిచి, చివరికి యంత్రం మీద టార్పాలిన్ కప్పేశారు. అన్నయ్యగారు మా పై అంతస్తు పూర్తి చేశారు. వదినగారికి బదులు ఇంకెవరో మాలు అందించారు. ఆవిడ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, మెట్ల దగ్గరే ఆగి, కింద నుంచే పిలిచేవారు.

ఆవిడా నేనూ మళ్లీ ఎప్పుడు మాట్లాడుకోవడం మొదలుపెట్టామో గుర్తులేదు. ఒకసారి మందులు తెచ్చిపెట్టమని అడిగారు. ఇంకోసారి మునగకాయలు తెచ్చిచ్చారు. అలా కలిసిపోయాం. చర్చిలో ఇప్పుడు పాట ఎత్తుకునేది ఇంకో అమ్మాయి. వదినగారు మధ్యలో కలుస్తారు, మధ్యలో ఆపేస్తారు.

కిందటి వేసవిలో ఉండి ఊరి దగ్గర మిల్లు నడిపే ఒకాయన ఫోను చేశాడు. ఆ వైపు చెరువుల మీద మా దిమ్మలతో కట్టిన షెడ్లు చూశాడట. చెక్కుచెదరలేదట. తనూ పెట్టాలనుకుంటున్నాడు.

"ముందు నుసి తడిపే గుంత, మూత జల్లెడ చూసుకోవాలండి" అని మొదలుపెట్టాను.

"అవన్నీ మెల్లిగా చూద్దాం మేడమ్ గారూ. ముందు పాళ్లు చెప్పండి."

చెప్పనన్నాను. వచ్చి చూశాకే చెబుతానన్నాను. అతను "సరేనండి" అని పెట్టేశాడు. నెల తిరక్కుండానే అక్కడ పని మొదలైందని తెలిసింది. పాళ్లు ఎవరు చెప్పారో తెలియదు. అదేమంత దాచిపెట్టే విద్య కాదు కదా. మా పిల్లలే ఎంతోమంది రాసి పరీక్ష పాసయ్యారు. నేను ఆ రాత్రంతా నిద్ర పట్టక, పొద్దున్నే వదినగారికి సందులోంచే చెప్పాను.

"ఎవరు చేత్తన్నారండీ జల్లెడ?" అన్నారావిడ.

"ఆడవాళ్లేనట."

కాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది. తర్వాత, "నేనూ వత్తానండి మీతోటి" అన్నారు.

బస్సులో వెళ్లాం. దారి పొడవునా చెరువులు, గట్ల మీద కొబ్బరి మొక్కలు. మిల్లాయన మమ్మల్ని చూసి కంగారుపడినా వెళ్లిపొమ్మనలేదు. వెనక చెట్టు కింద ఆడవాళ్లు అన్నాలు తింటున్నారు. జల్లెడ పక్కనే నిలబెట్టి ఉంది, మాకు తెలిసిన జల్లెడే. వదినగారు వాళ్ల దగ్గర నేల మీదే కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను. తన సంగతి చెప్పుకొచ్చారు. ఏ ఊరు, ఏ పని, ఎక్స్‌రేలో ఏం కనపడింది. మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చి ఆగిపోయారు. వాళ్లు తినడం ఆపి చూశారు.

ఒకావిడ, పెద్దదే, చెయ్యి కడుక్కుంటూ అడిగింది. "అది సరేనండి. తడిపితే బరువెక్కిపోద్ది కదా. ఇప్పుడే నడుం విరిగిపోతంది. మొయ్యగలమా?"

వదినగారు కాదనలేదు.

"బరువెక్కుద్దమ్మా. నిజమే, రెండింతలవుద్ది," అన్నారు. "అయినా తడిపే మొయ్యండి. నడుం నొప్పి పడుకుంటే పోద్ది."